కొలెస్ట్రాల్‌కు మొక్కల మందులు: ఎంత మేలు, ఎక్కడి వరకు?

చిన్న మంగళారం, మొయినాబాద్, చేవెళ్ల పరిసరాల్లో ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా కొలెస్ట్రాల్ మాట వినబడుతోంది. ఒకరు పరగడుపున మెంతులు నములుతున్నారు, మరొకరు కలౌంజీ తింటున్నారు, ఇంకొకరు వెల్లుల్లిని తేనెలో నానబెడుతున్నారు. ఇందులో కొంత నిజంగా మేలు చేసేదే. అయితే వీటిని నమ్మి డాక్టరు రాసిచ్చిన మాత్రలు మానేస్తున్న వారూ ఉన్నారు. ఇంటిని పోషించే మనిషికి గుండెపోటు వస్తే ఆ కుటుంబం సాయం కోసం మన వంటి సంఘాల గడప తొక్కవలసి వస్తుంది. అందుకే ఈ విషయం దాతలు కూడా తెలుసుకోవాలి.

కొలెస్ట్రాల్ అంటే విషం కాదు. శరీర కణాలకు అది అవసరం, దానిలో ఎక్కువ భాగాన్ని మన కాలేయమే తయారు చేసుకుంటుంది. రక్తంలో దాన్ని మోసుకెళ్లే ఎల్‌డీఎల్ అవసరానికి మించితే రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. నొప్పి ఉండదు, నీరసం ఉండదు. రక్తపరీక్ష తప్ప దాన్ని పట్టుకునే దారి లేదు. సాధారణంగా మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపు, ఎల్‌డీఎల్ 100 లోపు ఉంటే మంచిదంటారు. షుగరు, గుండెజబ్బు ఉన్నవారికి డాక్టర్లు ఇంకా తక్కువ ఉండాలని చెబుతారు.

మొక్కలు ఎలా పనిచేస్తాయి?

కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్యరసాన్ని తయారు చేసి పేగుల్లోకి పంపుతుంది. పని అయ్యాక ఆ రసంలో చాలా భాగం తిరిగి కాలేయానికే చేరుతుంది. మనం తిన్న పీచు నీటిలో నాని జిగురుగా మారితే, అది పైత్యరసాన్ని పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. మెంతులు, ఇసబ్‌గోల్, బార్లీ, ఓట్స్, చిక్కుడు, బెండకాయ చేసే మేలుకు ముఖ్య కారణం ఇదే.

వీటిలో రుజువు బలంగా ఉన్నది ఇసబ్‌గోల్‌కు. గింజ ఆకారాన్ని బట్టి పార్సీలో దానికి 'గుర్రపు చెవి' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. రోజూ సుమారు 10 గ్రాముల పొట్టు కొన్ని వారాలు తీసుకుంటే ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది. పెద్ద గ్లాసు నిండా నీళ్లతో తాగాలి, లేకపోతే గొంతులో అడ్డుపడవచ్చు. ఇతర మాత్రలకు, దీనికి మధ్య రెండు గంటల ఎడం ఉండాలి.

మెంతుల మీద మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన చేసింది. 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో షుగరు రోగులకు నూనె తీసిన మెంతిపిండిని రోజుకు 100 గ్రాములు, రెండు పూటలుగా ఇచ్చారు. చక్కెరతో పాటు చెడ్డ కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. ఇక్కడ మోతాదు గమనించాలి. మనం నమిలే ఒక చెంచా మెంతులు నాలుగైదు గ్రాములు మాత్రమే. మేలు ఉండవచ్చు గాని, అంత ఫలితం ఆశించకూడదు.

కలౌంజీ ప్రస్తావన హదీసుల్లో ఉన్నందున మన ఇళ్లలో దానికి గౌరవం ఎక్కువ. చిన్న చిన్న అధ్యయనాల్లో అది కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గించింది. అయితే జబ్బు చేసినప్పుడు వైద్యం చేయించుకోమన్న బోధన కూడా హదీసుల్లోనే ఉంది. ఒకటి పాటించి రెండోది వదలడం సరికాదు. వెల్లుల్లితో తగ్గుదల స్వల్పం. అవిసె గింజలను పొడి చేసి తినాలి, గింజలుగా మింగితే చాలావరకు అరగకుండానే పోతాయి.

గుగ్గిలం చెప్పే పాఠం

గుగ్గిలం కథ అందరూ తెలుసుకోవలసింది. పాత ఆయుర్వేద గ్రంథాల ఆధారంగా డాక్టర్ జి.వి. సత్యవతి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో దీనిపై పరిశోధించి 1966లో సిద్ధాంత గ్రంథం సమర్పించారు. తర్వాత లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కృషితో 1980లలో ఇది మన దేశంలో మందుగా వచ్చింది. కాని 2003లో అమెరికాలో 103 మందిపై ఎనిమిది వారాలు పరీక్షిస్తే, గుగ్గిలం తీసుకున్నవారిలో ఎల్‌డీఎల్ 4, 5 శాతం పెరిగింది. కొందరికి ఒంటిమీద దద్దుర్లు వచ్చాయి. పాత పుస్తకంలో ఉన్నదాన్ని పరీక్షకు పెట్టడం దాన్ని అవమానించడం కాదు. మేలు ఎవరికి, ఎంత అన్నది అలాగే తేలుతుంది.

'ఇంగ్లీషు మందు రసాయనం, ఇది ప్రకృతి' అనే మాట కూడా పూర్తి నిజం కాదు. డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్రలకు మూలం, జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1973లో ఒక బూజులో కనుగొన్న పదార్థం. ఆ మాత్రలు రకాన్ని, మోతాదును బట్టి ఎల్‌డీఎల్‌ను 30 నుంచి 50 శాతం, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ తగ్గిస్తాయి. పీచు 5, 10 శాతం తగ్గిస్తుంది. రెండూ కలిసి పనిచేయగలవు. ఒకదాని స్థానంలో మరొకటి సరిపోదు.

జాగ్రత్తలు

పేరు, మోతాదు రాయని పొడులు, కషాయాలు కొనవద్దు. కొన్ని మూలికల సారాలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. రక్తం పలుచబడే మందు వాడేవారు వెల్లుల్లి మాత్రలు డాక్టరుకు చెప్పకుండా తీసుకోకూడదు. గర్భిణులు ఏదీ సొంతంగా మొదలుపెట్టకూడదు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా కొలెస్ట్రాల్ పెరుగుతుంది, దానికి ఏ గింజా మందు కాదు. హకీం గారి దగ్గరికి వెళ్లినా, డాక్టరు గారి దగ్గరికి వెళ్లినా వాడుతున్నవన్నీ ఇద్దరికీ చెప్పాలి.

వంటింట్లో మార్పు ఇంతకన్నా తేలిక. డాల్డా మానాలి. దావత్‌లలో, ఇఫ్తార్‌లో వేపుళ్లు, కొవ్వు మాంసం తగ్గించాలి. జొన్నరొట్టె, పప్పు, చేవెళ్ల రైతులు పండించే ఆకుకూరలు, క్యారెట్ మనకు చేతికందే దూరంలోనే ఉన్నాయి. రోజుకు అరగంట నడక దీనికి తోడు కావాలి.

దాతలకు ఒక విన్నపం. ఆరోగ్యం కోసం ఇచ్చే సొమ్ములో మొదటి వాటా రక్తపరీక్షకు, రెండో వాటా మాత్రలు ఆగిపోకుండా చూడటానికి కేటాయించండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచిత పరీక్షలు ఉన్నాయి, జన ఔషధి కేంద్రాల్లో మందులు చౌకగా దొరుకుతాయి. ఈ సంగతి తెలియని కుటుంబాన్ని అక్కడిదాకా తీసుకెళ్లడం కూడా దానమే. మెంతులు, ఇసబ్‌గోల్ ఎవరి వంటింట్లో వారు వాడుకోవచ్చు. మాత్ర కొనలేని మనిషికి మాత్రం మీ చేయూత కావాలి.