ముందు హుక్కు చూసుకోండి, ఆ తర్వాతే కొండ

పోయిన ఎపిసోడ్‌లో నా బీర్ ప్రయాణం గురించి చెప్పాను కదా. తుబ్లీలో మా రూమ్‌లోనే రికార్డు చేశాం. ఏసీ చప్పుడుకి కొన్ని మాటలు వినపడలేదన్నారు. అందుకే ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాస్తున్నా. సెలవుకి ఇండియా వెళ్ళినప్పుడు కొండ మీంచి ఎగరాలని ఆశ ఉన్నవాళ్ళు ఇది చదివి, ఆ తర్వాతే టికెట్ బుక్ చేసుకోండి.

నేను స్కఫోల్డింగ్ పనివాణ్ణి. మాది మదనపల్లె పక్కన పల్లె. హార్స్‌లీ హిల్స్ చూస్తూ పెరిగినోణ్ణి. బహ్రెయిన్ మొత్తం మీద ఎత్తైన జబల్ అద్ దుఖాన్ 134 మీటర్లే, మా కొండేమో 1,200 మీటర్లు దాటుతుంది. ఇన్నేళ్ళు చదును నేల మీద బతికాక కొండ మీద మనసు పుట్టడం వింతేమీ కాదు.

బీర్ ఎక్కడ?

హిమాచల్ ప్రదేశ్‌లో, కాంగ్రా జిల్లాలో, ధౌలాధార్ కొండల కింద ఉన్న చిన్న ఊరు. ఢిల్లీ నుంచి రాత్రి బస్సు ఎక్కితే పొద్దునకి అక్కడ దిగొచ్చు. ఎగిరేది బిల్లింగ్ అనే చోటు నుంచి. బీర్ నుంచి 14 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు, ఎత్తు సుమారు 2,400 మీటర్లు. దిగేది దాదాపు వెయ్యి మీటర్ల కింద, బీర్ దగ్గర మైదానంలో. 1980లలో ఇక్కడ హ్యాంగ్ గ్లైడర్లు ఎగిరేవి. తర్వాత పారాగ్లైడర్లు వచ్చి వాటి చోటు తీసుకున్నాయి. 2015లో పారాగ్లైడింగ్ వరల్డ్ కప్ పోటీ కూడా ఇక్కడే జరిగింది.

రెండిటికీ తేడా ఏంటి?

హ్యాంగ్ గ్లైడర్‌కి అల్యూమినియం గొట్టాల చట్రం ఉంటుంది. దాని మీద గుడ్డ బిగించి ఉంటుంది, చూడటానికి పెద్ద బాణం మొనలా కనిపిస్తుంది. మనిషి దాని కింద బోర్లా వేలాడతాడు. ముందున్న కడ్డీని తన వైపు లాక్కుంటే వేగం పెరుగుతుంది, అవతలికి నెడితే తగ్గుతుంది. ఒంటి బరువు ఏ పక్కకి జరిపితే ఆ పక్కకి తిరుగుతుంది.

పారాగ్లైడర్‌కి చట్రం ఉండదు. అంతా గుడ్డా, తాళ్ళే. మడిచి వీపున వేసుకుని పోవచ్చు. కూర్చుని ఎగరొచ్చు. ఇప్పుడు బీర్‌లో పైలట్‌తో పాటు మనల్ని ఎక్కించేది ఇదే. నేను ఎక్కిందీ ఇదే.

ఇంజిన్ లేకుండా పైకి ఎలా పోతుంది?

మన ఊళ్ళో మిట్టమధ్యాహ్నం గద్ద రెక్క ఆడించకుండా చుట్లు కొడుతూ పైకి పోవడం చూశారు కదా, ఇదీ అంతే. ఎండకి నేల వేడెక్కుతుంది. దాని మీద గాలి తేలికై పైకి లేస్తుంది. నిశ్చలమైన గాలిలో గ్లైడర్ సెకనుకి సుమారు ఒక మీటరు చొప్పున కిందికి జారుతూ ఉంటుంది. గాలి అంతకన్నా వేగంగా పైకి లేస్తే గ్లైడరూ దాంతో పాటే లేస్తుంది. పైలట్ అట్లాంటి గాలిని పట్టుకుని అందులోనే చుట్లు తిరుగుతాడు.

ప్రమాదం ఎక్కడుంది?

గాలి చెడ్డదైతే ప్రమాదమే. కానీ నన్ను భయపెట్టింది వేరే సంగతి. 2018లో స్విట్జర్లాండ్‌లో, ఇంటర్లాకెన్ అనే కొండ ఊరి దగ్గర, ఒక పర్యాటకుడు మొదటిసారి హ్యాంగ్ గ్లైడర్ ఎక్కాడు. అతని హార్నెస్‌ని గ్లైడర్‌కి తగిలించడం పైలట్ మర్చిపోయాడు. నేల వదిలాక గానీ తెలీలేదు. రెండు నిమిషాలకు పైగా ఆ మనిషి చేతులతోనే పట్టుకుని వేలాడాడు. మణికట్టు విరిగింది, ప్రాణం దక్కింది. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు.

గ్లైడర్ బాగుంది, పైలట్‌కి ఎగరడం వచ్చు. తగలాల్సిన ఒక్క హుక్కు తగల్లేదు, అంతే. ఇది తెలిసినవాళ్ళు ఎగిరే ముందు ఒక పరీక్ష చేస్తారు. గ్లైడర్‌ని ఇంకొకరు పట్టుకుంటే, ఎగిరే మనిషి నేల మీదే దాని కింద వేలాడి చూసుకుంటాడు. దాన్ని హ్యాంగ్ చెక్ అంటారు. పారాగ్లైడర్‌లో అయితే తొడల పట్టీలు బిగించారా లేదా అన్నది ప్రాణం.

నా సంగతి

బీర్‌లో మొదట మాట్లాడుకున్న చోట పైలట్ లైసెన్స్ చూపించమన్నా. నవ్వాడు. "రోజుకి ఎంతమందిని తీసుకుపోతానో తెలుసా?" అన్నాడు. నాకు సిగ్గేసింది. పక్కన ఢిల్లీ పిల్లలు ఏమీ అడక్కుండా ఎక్కేస్తున్నారు, నేనొక్కణ్ణే పిరికోణ్ణిలా నిలబడ్డా. నోరు మూసుకుని ఎక్కేసేవాణ్ణే. ఇంట్లో నా జీతం మీద ఆరుగురు బతుకుతున్నారన్నది గుర్తొచ్చి ఆగా. అడ్వాన్సు పోయింది, వెనక్కొచ్చేశా.

మర్నాడు ఇంకో పైలట్ దొరికాడు. అడగకముందే కార్డు చూపించాడు. నా తొడ పట్టీలు, ఛాతీ పట్టీ, హుక్కులు ఒక్కొక్కటే లాగి చూశాడు. పరిగెత్తే ముందు మళ్ళీ చూశాడు. గాలి మారిందని ముప్పావు గంట కూర్చోబెట్టాడు కూడా. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

మీరు వెళ్తే

• జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా వానల వల్ల అక్కడ ఎగరనివ్వరు. మనలో చాలామందికి సెలవు దొరికేది అప్పుడే, చూసుకోండి. అక్టోబర్, నవంబర్ మంచి నెలలు.

• పైలట్‌కి హిమాచల్ టూరిజం శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో డబ్బు కట్టే ముందే చూడండి.

• మీ బరువు నిజం చెప్పండి. బరువును బట్టే గ్లైడర్ సైజు ఎంచుతారు.

• మీ ఇన్సూరెన్స్ కాగితం చదవండి. చాలా పాలసీలు ఇట్లాంటి సాహసాలకి వర్తించవు. విదేశీ ఉద్యోగం కోసం చేయించిన బీమా దీనికీ పనికొస్తుందని అనుకోవద్దు.

• గాలి బాలేదని పైలట్ వద్దంటే బతిమాలొద్దు. సెలవు అయిపోతోందని గాలికి తెలీదు.

ఇక్కడ సైట్‌లో నాలుగో అంతస్తు ఎక్కే ముందు పక్కోడి బెల్టు హుక్కు లాగి చూస్తాం. ఎవరూ నవ్వరు. ఆ అలవాటు మనకి జీతంతో పాటు వచ్చింది. సెలవులో దాన్ని రూమ్‌లో వదిలేసి పోకండి.

వచ్చే శుక్రవారం కలుద్దాం. జాగ్రత్త.