ఓర్వదగిన నొప్పి, ఓర్వరాని నొప్పి

పల్నాటి వేసవిని ఎరుగనివారికి రెంటచింతల పేరు చెప్పిన చాలును. గురజాలకును మాచర్లకును నడుమనున్న ఆ యూరి ఉష్ణోగ్రత ఏటేటా ఏప్రిలు, మే మాసములలో పత్రికల మొదటిపుట కెక్కుచుండును. 45 డిగ్రీలు దాటుట అచ్చటివారికి వింతగాదు. కృష్ణ చేరువనే పారుచున్నను, నాపరాతి నేల పగలెల్ల పుచ్చుకొన్న వేడిని రాత్రియెల్ల విడుచుచుండుటచే, నడివేసవిలో తెల్లవారుజామునకు సైతము గాలి పూర్తిగా చల్లబడదు. శ్రీనాథుడంతటి భోగి ఈ సీమకు వచ్చి, ఇచ్చటి నీటియెద్దడిని, జొన్నకూటిని నిందించెనని చాటువులు పుట్టినవన్న ఆశ్చర్యమేమి? నాగార్జునసాగరపు కుడికాలువ వచ్చి పొలములకు పచ్చదనము తెచ్చినదిగాని, ఎండను మాత్రము తగ్గింపలేదు.

ఇట్టి నేలపై, పొట్టకూటికొరకు గాక, పతకములకొరకు గాక, పగలు తన కొలువో వ్యాపారమో చేసికొనుచు, మిగిలిన వేళలలో దూరప్రయాణములకు దేహమును సిద్ధపరచుకొనదలచిన సైకిలిస్టు వాతావరణముతోను, ఒళ్లునొప్పులతోను, ఒక్కొక్కప్పుడు గాయములతోను వేగవలసియుండును. వీటికన్నింటికిని ధైర్యమొక్కటే మందని మనలో పెక్కుమంది తలంతురు. కారెంపూడి రణభూమి గల సీమలో, పౌరుషమునకు పుట్టినిల్లని పేరుపడిన చోట, ఆ తలంపు సహజమే. కాని దూరము త్రొక్కువారిని గమనించినకొలది నాకు తోచునది వేరు: నొప్పిని లెక్కచేయనివారికంటె, ఏ నొప్పి యెట్టిదో పోల్చుకొనగలవారే ఎక్కువకాలము సీటుమీద నిలుతురు.

ఔత్సాహికుల ఓర్పునకు కొలమానముగా లోకమున చెల్లుచున్నవి ‘బ్రెవే’ యనబడు ప్రయాణములు. ఫ్రాన్సుదేశమున 1904లో వెలసిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ వీనికి పెద్దదిక్కు. మన దేశమున ఆడాక్స్ ఇండియా రాండనర్స్ అను సంస్థ వీనిని నడుపుచుండగా, హైదరాబాదులో హైదరాబాద్ రాండనర్స్ సంఘము వీనిని ఏర్పాటు చేయుచున్నది. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300 కిలోమీటర్లకు 20, 400 కిలోమీటర్లకు 27, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. మొదట వచ్చినదెవరు, తుదకు వచ్చినదెవరు అను గణన లేదు; గడువులోపల చేరినవారందరు సమానులే. పంక్చరైన ట్యూబును ఎవరికివారే మార్చుకొనవలెను. వాన వచ్చినదని గడువు పెరుగదు. మనవారికి అందుబాటైన లెక్కలో చెప్పవలెనన్న, నరసరావుపేట, పిడుగురాళ్ల, దాచేపల్లి మీదుగా పోవు అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి నిడివి 200 కిలోమీటర్ల పైచిలుకు. కనుక అన్నింటిలో చిన్నదగు బ్రెవే యనగా, చీకటితో అద్దంకిలో బయలుదేరి సందెవేళకు నార్కట్‌పల్లి సమీపించుట వంటిది. ఈ మెట్లన్నియు ఎక్కినవారి చూపు పారిస్–బ్రెస్ట్–పారిస్ వైపు మరలును. 1891లో పందెముగా మొదలై, 1931 నుండి ఔత్సాహికులకును తలుపు తెరచిన ఆ 1,200 కిలోమీటర్ల ప్రయాణము నాలుగేండ్ల కొకమారు జరుగును. దాని తుదిగడువు 90 గంటలు. ఎండలో కాగిన దక్షిణాదివారికి అచ్చట బ్రిటనీ గుట్టల ఎక్కుదిగుడులకంటె ఆగస్టు రాత్రుల చలియే తీవ్రమైన పరీక్ష.

ఎండ సంగతి మొదట చూతము. దేహము వేడికి అలవడుటకు వారమునుండి రెండువారములు పట్టును. ఆ దినములలో రక్తమందలి ద్రవభాగము పెరుగును. చెమట ముందుగాను, ధారాళముగాను పోయును. దానితో బయటికి పోవు ఉప్పు తగ్గును. ఈ మార్పులు ఎండ సోకనిదే రావు, ఒక్కమారుగ సోకినను రావు. అందుచే వేసవి తొలిదినములలో గంటకు మించని నెమ్మదైన ప్రయాణములు చేసి, దినదినము కొంచెము పెంచుకొనిపోవుట మేలు. పొడిగాలిలో సైకిలు త్రొక్కువానికొక ప్రమాదము కలదు: చెమట పుట్టినది పుట్టినట్లే ఆరిపోవుటచే, తానెంత నీరు కోల్పోయినదియు వానికి తెలియదు, ఏ చెట్టునీడనో ఆగినప్పుడుగాని ఒడలెల్ల తడిసి ముద్దయగుటను గమనింపడు. గంటకు లీటరు, ఒక్కొక్కప్పు డంతకు మించియు పోవును. దానికి బదులు ఉత్తనీరే కడుపునిండ త్రాగినచో రక్తములోని ఉప్పు పలుచబడి వేరొక కీడు వాటిల్లును. ఉప్పువేసిన మజ్జిగ, నిమ్మనీళ్లు, ఓఆర్ఎస్ పొట్లము ఇందుకే. రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెత పుట్టిన దేశమున, ఆ పక్షము దినములు సూర్యోదయముతోనే ఇల్లు చేరుట పిరికితనము కానేరదు. త్రొక్కుచుండగా తల పోటెత్తి, ఎండలో చలి పుట్టినట్లు గగుర్పాటు కలిగి, మాట తడబడినచో అది వడదెబ్బకు నాంది. లోపలి ఉష్ణము 40 డిగ్రీలు దాటిన పిమ్మట ప్రాణమునకే ముప్పు. అట్టివానిని నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు కుమ్మరించి, విసరుచు, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

వాన తెచ్చు చిక్కులు వేరు. తొలకరి జల్లు పడిన మొదటి ఘడియలే మిక్కిలి ప్రమాదకరములు. నెలలుగా రోడ్డుపై పేరుకొన్న నూనె, ధూళి అప్పుడే తేలి జారుడు పుట్టించును. పిడుగురాళ్ల సున్నపుబట్టీల పరిసరములందు, సిమెంటు లారీలు తిరుగు దారులలో, ఆ ధూళి మరింత దట్టము. పొలముగట్ల బాట పట్టినచో రేగడిమన్ను టైరునకును బ్రేకునకును నడుమ గడ్డకట్టి చక్రమును తిరుగనీయదు. తడిసిన చక్రపుకమ్మిని పట్టుకొను బ్రేకు వెంటనే పట్టదు గనుక, మలుపునకు చాలముందే నెమ్మదింపవలెను. ముసురులో త్రొక్కి వచ్చిన సాయంకాలము ఎంత అలసియున్నను చైను తుడిచి నూనె వేయుట, టైరులో గ్రుచ్చుకొన్న తుమ్మముళ్లు ఏరుట సాధనలో భాగమే. ఇక 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల చెంత తీరము దాటిన మిచాంగ్ వంటి తుపాను దినములలోను, ఉరుములు మెరుపులు గల వేసవి సాయంత్రములలోను సైకిలు గుమ్మము దాటవలసిన పనిలేదు.

ఒళ్లునొప్పుల విషయమున మనలో ఒక పాత అపోహ పాతుకొనిపోయినది. మర్నాటి కండరాల నొప్పికి లాక్టిక్ ఆమ్లమే కారణమని వ్యాయామశాలలలో నేటికిని చెప్పుచుందురు. ఆ ఆమ్లము వ్యాయామము ముగిసిన గంట రెండుగంటలలో రక్తమునుండి తొలగిపోవును. నొప్పియో, మరునాడు మొదలై రెండవ మూడవ దినములకు ముదురును. అలవాటులేని శ్రమచే, ముఖ్యముగా సాగుచునే బిగియవలసిన పనిచే, కండరపు పోగులలో కలుగు సూక్ష్మమైన చీలికలు, వాటిని బాగుచేయుటకు దేహము జరుపు మరమ్మతు ఈ నొప్పికి మూలము. సైకిలు త్రొక్కుటలో అట్టి సాగుడుబిగింపు తక్కువ గనుక, పరుగెత్తువానికంటె త్రొక్కువాని కిది స్వల్పముగనే ఉండును. రెండు తొడలలోను సమానముగా, మొద్దుగా, కదలినకొలది సడలు నొప్పి ఓర్వదగినది. మరునాడు తేలికగా అరగంట త్రొక్కినచో అది తగ్గునేగాని హెచ్చదు. ఒకేచోట, ఒకేవైపున, సూదితో పొడిచినట్లుండి, త్రొక్కినకొలది పెరుగునది ఓర్వరానిది.

మోకాలే ఇందులకు ముఖ్యసాక్షి. ఒక గంటలో పెడలు సుమారు అయిదువేలసార్లు తిరుగును. సీటు అంగుళము క్రిందుగా నున్నచో ఆ అయిదువేల మడతలును మోకాలిచిప్పపై పడును. నొప్పి ముందుభాగమున నున్నచో సీటు పల్లమనియు, వెనుకభాగమున నున్నచో ఎత్తనియు అనుభవజ్ఞులు ముందుగా అనుమానింతురు. పెడలు క్రిందికి వచ్చినపుడు మడమ దానిపై ఆన్చి చూచిన, కాలు నిటారుగా సాగవలెను. ముని పాదముతో త్రొక్కునపుడు మోకాలు కొంచెము వంగియుండును. ఎన్ని తైలములు రాచినను, ఈ చిన్న సవరణ జరుగనిదే ఆ నొప్పి పోదు. చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు తిమ్మిరెక్కుట అరచేతి నరము హ్యాండిలుపై నలుగుటకు గుర్తు. చేతులు మార్చి పట్టుట, మెత్తని తొడుగు వేసికొనుట దానికి మందు. సీటు ఒరపిడిచే తొడసందున లేచు పుండ్లను సిగ్గుచే దాచుకొని, తడిబట్టలతోనే త్రొక్కువారు తుదకు వారములతరబడి మంచము పట్టుదురు. దిగినవెంటనే కడుగుకొని పొడిబట్టలు కట్టుట వారికి చెప్పవలసిన మొదటిమాట.

గాయపడినవారిలో తిరిగి లేచినవారి చరిత్రలు కలవు. 2006లో హైదరాబాదు రోడ్డుప్రమాదమున ఒక కాలు కోల్పోయిన ఆదిత్య మెహతా, కృత్రిమకాలితో త్రొక్కుట నేర్చుకొని, 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగు పోటీలలో రెండు రజతపతకములు గెలిచెను. కృత్రిమకాలు తగిలించుకొన్నవారికి చెమట, ఒరపిడి నిత్యశత్రువులు. చర్మము చిట్లినదో లేదో ప్రతిదినము తడవి చూచుకొను శ్రద్ధ లేనిదే వారు రెండవనాడు త్రొక్కలేరు. ఇంగ్లండులో యార్క్‌షైరుకు చెందిన బెరిల్ బర్టన్ చిన్ననాట వాతజ్వరముతో నెలలతరబడి ఆసుపత్రిలో పడియుండినది. పెరిగి పెద్దదై, తోటపని చేయుచు, జీవితాంతము ఔత్సాహికురాలిగనే నిలిచి, 1967లో 12 గంటలలో 277¼ మైళ్లు, అనగా దాదాపు 446 కిలోమీటర్లు త్రొక్కి, నాటి బ్రిటిషు పురుషుల రికార్డును సైతము మించినది. నాకంతకంటె గొప్పగా తోచునది వేరొకటి కలదు: 1959 మొదలు 1983 వరకు వరుసగా ఇరువదియైదేండ్లు ఆమె తన దేశపు మహిళలలో సర్వోత్తమ దూరసైకిలిస్టుగా నిలిచినది. ఒకనాటి మొండితనము ఇరువదియైదేండ్లు నిలువదు గదా.

పడుట ఎట్టివానికిని తప్పదు. పడునపుడు చేయి ముందుకు చాచుట సహజము; ఆ దెబ్బ భుజమున కెక్కి కంఠపుటెముక విరుగును. తలకు తగిలినచో ఎంత తేలికగా తోచినను ఆనాటికి ప్రయాణము చాలించి వైద్యునికి చూపించుకొనవలెను. దోక్కుపోయిన చర్మమును శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి, ధనుర్వాతపు సూది సంగతి విచారింపవలెను. జ్వరముతో త్రొక్కరాదు, గుండెకు హాని కలుగుట కవకాశము కలదు. విశ్రాంతిచే సత్తా యంతయు కరిగిపోవునను భయము పెక్కుమందిని తొందరపెట్టును. పక్షము దినములలో పోవునది స్వల్పము, కొద్దివారముల సాధనతో మరల వచ్చునది. విరిగిన కంఠపుటెముక అతుకుకొనుటకు ఆరు వారములు, కొందరికి అంతకు మించియు పట్టును. అతికినదని ఎక్స్‌రే చిత్రము చూచి వైద్యుడు చెప్పిన తరువాతనే రోడ్డెక్కవలెను. అప్పుడును కోటప్పకొండ ఘాటురోడ్డునకు వెంటనే పోరాదు. ఎక్కునపుడు పని కాళ్లది. దిగునపుడు బ్రేకులు పట్టిన చేతులమీదుగా దేహభారమంతయు భుజములమీదికి వచ్చును. కొన్నివారములు కాలువకట్టల మీది సమతలపు బాటలపై త్రొక్కి, గతుకులలో సైతము భుజము పోటు పుట్టలేదని రూఢిచేసికొని, తరువాత కొండ సంగతి చూచుకొనవచ్చును.