బళ్ళారిలో ఆగిన టపా విమానం

చెన్నై నుంచి ముంబైకి ఆకాశమార్గాన సూటిగా సుమారు 1,030 కిలోమీటర్లు. ఇవాళ టైమ్‌టేబుల్లో ఈ ప్రయాణానికి రెండు గంటలు వేస్తారు. 1932 అక్టోబరులో టాటాల మొదటి టపా విమానం బొంబాయిలో బయల్దేరి మద్రాసు చేరింది మర్నాడు. గాలిలో ఉండాల్సింది మాత్రం ఆరేడు గంటలే. మిగతా కాలం ఎక్కడికి పోయిందో తెలియాలంటే ఆ యంత్రాన్ని దగ్గరగా చూడాలి.

దాని పేరు పస్ మాత్. ఇంగ్లండులోని డి హావిలాండ్ కంపెనీ 1929లో తొలిసారి ఎగరేసింది. వెల్డింగు చేసిన ఉక్కు గొట్టాల చట్రం, పైన బిగించి కట్టిన గుడ్డ, కొయ్య రెక్కలు. ముందు 120 హార్స్‌పవర్ జిప్సీ ఇంజను ఒక్కటే. దాని నాలుగు సిలిండర్లనూ తలకిందులుగా అమర్చారు. అలా ఇంజను పైభాగం తగ్గి పైలట్‌కి ఎదుటి దారి తేటగా కనిపించేది. చక్రాల కాళ్ళకు తొడిగిన తొడుగుల పనితనం నాకు మరీ ఇష్టం. ఎగిరేటప్పుడు అవి గాలిని కోసుకుపోతాయి. దిగేటప్పుడు వాటిని అడ్డంగా తిప్పితే గాలికి అడ్డుపడి బ్రేకుల్లా పనిచేస్తాయి.

లోపమూ ఉంది. తొలి ఏళ్ళలో కొన్ని పస్ మాత్‌లు గాల్లోనే రెక్క విరిగి కూలాయి. ఆస్ట్రేలియా పైలట్ బెర్ట్ హింక్లర్ 1933 జనవరిలో ఇటలీలో ఈ రకం విమానంలోనే మరణించాడు. తర్వాత రెక్కల ఊతకడ్డీలను బలపరిచారు.

లండన్ ఉత్తరాలను ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కరాచీ దాకా తెచ్చేది. 1932 అక్టోబరు 15 ఉదయం జె.ఆర్.డి. టాటా అక్కడ సంచులు ఎక్కించుకున్నాడు. దారిలో ఆగిన అహ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎద్దుబండి మీద వచ్చాయి. బొంబాయిలోని జుహూలో దిగేసరికి మధ్యాహ్నం రెండు కావచ్చింది. అక్కణ్ణుంచి మద్రాసుకు పైలట్ నెవిల్ విన్సెంట్ బయల్దేరాడు.

ఇప్పుడు లెక్క చూడండి. బొంబాయి నుంచి బళ్ళారికి 615 కిలోమీటర్ల పైమాటే. గంటకు 170 చొప్పున మూడున్నర గంటలు దాటుతుంది. ఎదురుగాలి 30 కిలోమీటర్లు వీస్తే ఇంకో ముప్పావుగంట కలుస్తుంది. అదే గాలి నేటి జెట్‌కి చెన్నై–ముంబై మొత్తం దారిలో మూడు నిమిషాలే పెంచుతుంది. అక్టోబరులో బళ్ళారిలో పొద్దు ఆరింటికే గుంకుతుంది. విమానంలో రేడియో లేదు, దారిలో దీపాల మైదానాలు లేవు. నదినో రైలుపట్టాలనో చూసుకుంటూ పోవాల్సిన పైలట్‌కి చీకటి పడితే దారే లేదు.

అందుకే విన్సెంట్ బళ్ళారిలో రాత్రి బస చేశాడు. అప్పటికది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊరే, నటుడు బళ్ళారి రాఘవ ఊరు. బొంబాయి, మద్రాసులను కలిపే గీతకు దాదాపు ఆనుకునే ఉంటుంది కాబట్టి చుట్టుదారి అనడానికి లేదు. మిగిలిన 425 కిలోమీటర్లు మర్నాటి పగటివేళ పూర్తయ్యాయి. నా దృష్టిలో ఆ రెండు నగరాల మధ్య కాలాన్ని నిర్ణయించింది ఇంజను కాదు, పొద్దు. ఇంత బలహీనమైన యంత్రాలతో మొదలైన సర్వీసు తొలి ఏడాదిలోనే 1,60,000 మైళ్ళు తిరగడం మామూలు సంగతి కాదు.

ఆ చీకటి అడ్డు తొలగడానికి రేడియో, దీపాల రన్‌వేలు, రెండు ఇంజన్ల డకోటాలు కావలసివచ్చాయి. 1949 జనవరిలో రాత్రి టపా సర్వీసు మొదలైంది. మద్రాసు, బొంబాయి, ఢిల్లీ, కలకత్తాల విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలుసుకునేవి. అక్కడ సంచులు మార్చుకుని తెల్లవారేలోగా ఎవరి ఊరికి వాళ్ళు చేరేవారు.