సాలగ్రామంలోని సముద్రజీవి

సాలగ్రామంలో మనం దర్శించుకునే చక్రం ఒకప్పుడు ఒక సముద్రజీవి ఇల్లు. నేపాల్‌లో కాళీగండకి నది ఒడ్డున దొరికే ఆ నల్లరాళ్లలో చాలావరకు అమ్మోనైట్ల శిలాజాలే ఉంటాయి. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. ఆక్టోపస్‌లకు, స్క్విడ్‌లకు చుట్టాలైన ఈ జీవులు అందులో తిరిగేవి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లు పోయిన రోజుల్లోనే ఇవీ అంతరించాయి.

రాయిని దగ్గరగా పెట్టుకుని చూడండి. లోపలి నుంచి బయటికి పెరుగుతూ వచ్చిన చుట్టలు, వాటి మీద అడ్డంగా గట్లు. అమ్మోనైట్ కాపురమంతా బయటి చుట్ట చివరి గదిలోనే. ఒళ్లు పెరిగేకొద్దీ ముందుకు జరిగి, వెనక అడ్డుగోడ కట్టుకునేది. విడిచిపెట్టిన గదుల్లోని నీటిని ఒక సన్నని గొట్టం పీల్చేస్తే వాటిలో వాయువు చేరేది. అంత బరువైన గుల్ల అడుక్కి పోకుండా నిలిచింది దాని వల్లే. ఇక ఈత అంటే, నీటిని బలంగా చిమ్మి ఆ తోపుతో వెనక్కి దూసుకుపోవడం.

మరి ఎంత వేగంగా? అది గుల్ల ఆకారం మీద ఆధారపడేది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ పీటర్‌మన్, క్యాథ్లీన్ రిటర్‌బుష్ దీన్ని నీళ్లలోనే పరీక్షించి 2022లో ఫలితాలు ప్రకటించారు. త్రీడీ ప్రింటర్‌తో రకరకాల గుల్లలు చేసి, నీరు చిమ్మే యంత్రం అమర్చి, తేలకుండా మునగకుండా బరువు సరిచేసి కొలనులో వదిలారు. పల్చటివి నిలకడగా, తిన్నగా సాగాయి. లావుపాటివి వేగంలో వెనకబడినా, చటుక్కున పక్కకు తిరగడంలో వాటిదే పైచేయి. అన్ని పనులకూ మేలైన ఆకారమంటూ ఏదీ తేలలేదు. నాకు ఈ ఫలితం ఎంతో విలువైనదిగా తోస్తుంది. ఒకే సముద్రంలో ఇన్ని ఆకారాలు ఎందుకు బతికాయో ఇది చెబుతోంది.

క్రెటేషియస్ యుగంలో కొన్ని ఏకంగా చుట్ట చుట్టుకోవడమే మానేశాయి. వాటిలో ఒకటైన బాక్యులైటిస్ గుల్ల నిటారుగా పెరిగేది. వాయువు గదులు పైన, బరువైన ఒళ్లు కింద ఉండడంతో తలకిందులుగా వేలాడేది. పైకీ కిందికీ జరగడం దానికి తేలిక, పక్కకి పోవడమే కష్టం. 2011లో వెలువడిన స్కానింగ్ పరిశోధనలో ఒక దాని దవడల మధ్య చిన్న నత్త, రొయ్యజాతి జీవి ముక్కలు కనిపించాయి. వెంటాడి వేటాడే జీవి కాదన్నమాట.

అన్నిటికంటే వింతైనది జపాన్‌లో దొరికిన నిప్పొనైటిస్. హిసకట్సు యాబే 1904లో దీన్ని వర్ణించారు. చిక్కుపడిన తాడులా ఉండే ఈ గుల్లను చూస్తే ఇదెలా బతికిందా అనిపిస్తుంది. కంప్యూటర్ నమూనాలు కట్టి చూస్తే, ఇది నీటిలో బరువు సరిచూసుకుని నిలవగలిగేదని, నిలువు అక్షం చుట్టూ నెమ్మదిగా తిరగగలిగేదని తేలింది. చుట్టుపక్కల తేలే చిన్నచిన్న జీవుల్ని ఏరుకు తినడానికి ఆ తిరుగుడు బాగా పనికొచ్చి ఉండాలి.