జీన్స్ ఉంటే చాలదు, అవి తెరుచుకోవాలి



పేరెంట్స్ మీటింగ్‌లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మా ఇంట్లో ఎవరికీ లెక్కలు రావు మేడమ్, వాడి జీన్సే అంత." జీన్స్ ప్రభావం లేదని ఎవరూ అనరు. కానీ అవి పనిచేసే తీరు తెలిస్తే ఈ మాట అంత తేలిగ్గా అనలేం.

మీ పాప కంటి కణంలోనూ, కాలేయ కణంలోనూ ఉన్నది ఒకే డీఎన్ఏ. అయినా రెండూ వేర్వేరు పనులు చేస్తాయి. ఎందుకంటే ఏ కణంలో ఏ జీన్‌ను చదవాలో వేరుగా ఉంటుంది. జీన్‌లోని సమాచారాన్ని ఆర్ఎన్ఏగా కాపీ చేయడాన్నే ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు.

ఒక్క కణంలోని డీఎన్ఏను సాగదీస్తే దాదాపు 2 మీటర్లు. అది కంటికి కనిపించని కేంద్రకంలో ఇమడాలి. అందుకే పోచంపల్లి నేతన్నలు నూలును కండెలకు చుట్టినట్టు, డీఎన్ఏ హిస్టోన్లు అనే ప్రోటీన్లకు చుట్టుకుని ఉంటుంది. 8 హిస్టోన్లు కలిస్తే ఒక కండె అనుకోండి. హిస్టోన్లది పాజిటివ్ చార్జ్, డీఎన్ఏది నెగటివ్ చార్జ్. కాబట్టి గట్టిగా పట్టుకుంటాయి. చుట్టు బిగుతుగా ఉన్నచోట జీన్‌ను చదవడం కుదరదు.

ఈ బిగువును కణమే సర్దుకుంటుంది. హిస్టోన్‌కు అసిటైల్ గ్రూప్ అతికితే పాజిటివ్ చార్జ్ తగ్గి, చుట్టు వదులై, జీన్ చదవడానికి వీలవుతుంది. దాన్ని తీసేస్తే మళ్లీ బిగుసుకుంటుంది. అమెరికాలో విన్సెంట్ ఆల్‌ఫ్రే బృందం 1964లోనే ఈ సంబంధాన్ని సూచించింది. మిథైల్ గ్రూప్ అయితే, అతికిన చోటును బట్టి జీన్‌ను తెరుస్తుంది లేదా మూసేస్తుంది.

మిథైల్ గ్రూపుల సరఫరాకు ఫోలిక్ యాసిడ్, బి12 లాంటి విటమిన్లు అవసరం. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లే పరిశోధనలకు నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మనకు ఆ విటమిన్ పాలకూర పప్పులోనే దొరుకుతుంది.

ఇక చదువు సంగతి. ఎలుకలు కొత్త విషయం నేర్చుకునేటప్పుడు వాటి మెదడు కణాల్లో హిస్టోన్లకు అసిటైల్ గ్రూపులు పెరగడం శాస్త్రవేత్తలు గమనించారు. అంటే నేర్చుకోవడం వల్ల కూడా కొన్ని జీన్స్ తెరుచుకుంటాయి. ఇది చూపించి జ్ఞాపకశక్తి పొడులు అమ్మేవాళ్లను మాత్రం నమ్మకండి. ఆ ఎలుకలకు దొరికింది పొడి కాదు, కొత్త అనుభవం.

హిస్టోన్ల పాఠం 12వ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీలోనూ, నీట్ సిలబస్‌లోనూ ఉంది. దానికి ఇప్పుడే ఇంట్లో పునాది వేయొచ్చు. పొడవాటి కాగితం పట్టీ మీద పిల్లలతో ఒక వాక్యం రాయించి, పెన్సిల్‌కు బిగుతుగా చుట్టమనండి. చదవడం కుదరదు. కొంచెం వదులు చేయమనండి. చదవగలుగుతారు. రాసింది మారలేదు, చుట్టిన తీరే మారింది.