వైద్యుల పక్షాన వాదించాలంటే కేసు షీటే ఆధారం

రోగి మరణించిన కొన్ని నెలలకు వినియోగదారుల కమిషన్ నుంచి నోటీసు వస్తుంది. దాన్ని చేతపట్టుకుని వైద్యుడు న్యాయవాది కార్యాలయం మెట్లెక్కుతారు. చికిత్స ఎలా చేశారన్న ప్రశ్న కంటే ముందే అక్కడ మరో ప్రశ్న ఎదురవుతుంది. కేసు షీటు ఎక్కడుంది? వైద్యుల తరఫున వాదించే న్యాయవాదుల వృత్తి చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందరికీ పూర్తి ఉచితంగా సేవలందించే ఆస్పత్రులకు మాత్రం మినహాయింపు లభించింది. న్యాయవాదుల సేవలు ఈ చట్టం కిందకు రావని అదే కోర్టు 2024లో తేల్చింది. అంటే వైద్యుడిని కాపాడే వకీలుపై మాత్రం అదే కమిషన్‌లో ఫిర్యాదు చేయడం కుదరదు.

గడువే తొలి గండం

నోటీసు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు దొరుకుతాయి. ఆపైన ఒక్క రోజు కూడా పొడిగించే వీల్లేదని 2020లో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. నోటీసును బల్ల సొరుగులో పడేసిన వైద్యుడిని ఎంతటి వకీలైనా ఆదుకోవడం కష్టమే.

జవాబుకు ముడిసరుకు కేసు షీటు. రక్తపోటు, నాడి ఏ వేళకు ఎంత ఉన్నాయి, మత్తుమందు ఎంత ఇచ్చారు, పెద్దాస్పత్రికి తీసుకెళ్లమని బంధువులకు ఎప్పుడు చెప్పారు అన్నవన్నీ అందులో ఉండాలి. వైద్యుడు నిజంగానే చెప్పి ఉండవచ్చు. కాగితంపై లేకుంటే నమ్మించడం కష్టం. నోటీసు వచ్చాక దిద్దిన కేసు షీటు మరీ ప్రమాదం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క కొట్టివేత బయటపడితే మిగతా పేజీలన్నీ అనుమానాస్పదమవుతాయి. అలాంటి కేసులో పరిహారమిచ్చి రాజీ పడమని చెప్పగలిగిన న్యాయవాదే వైద్యుడికి నిజమైన హితుడు.

రోగి చనిపోయినంత మాత్రాన నిర్లక్ష్యం జరిగినట్లు కాదు. సాధారణ నైపుణ్యమున్న వైద్యుడు తీసుకునే జాగ్రత్తలు తీసుకున్నారా లేదా అన్నదే కొలమానం. క్రిమినల్ కేసులో ఈ గీత ఇంకా పైన ఉంటుంది. 1995లో లూధియానాలోని ఓ ఆస్పత్రిలో శ్వాస ఆడక బాధపడుతున్న వృద్ధుడికి ఖాళీ ఆక్సిజన్ సిలిండర్ తెచ్చారని, ఆ తర్వాత ఆయన మరణించారని వైద్యులపై కేసు నమోదైంది. జాకబ్ మాథ్యూ కేసుగా పేరొందిన ఆ వివాదంలో 2005లో సుప్రీంకోర్టు వైద్యుడిపై ప్రాసిక్యూషన్‌ను కొట్టివేసింది. సివిల్ బాధ్యత ఆస్పత్రిపై ఉండవచ్చని అంటూనే, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప వైద్యుడిని నేరస్థుడిగా నిలబెట్టరాదని పేర్కొంది.

నిపుణుడి సాక్ష్యం లేదన్న వాదన చాలాకాలం వైద్యుల పక్షానికి కవచంగా ఉండేది. దానికి బీటలు వేసింది హైదరాబాద్ కేసే. 2002లో మలేరియా విభాగం ఉద్యోగి వి.కిషన్‌రావు తన భార్యను చలిజ్వరంతో ఆస్పత్రిలో చేర్పించగా టైఫాయిడ్‌కు చికిత్స చేశారు. ఆమె మరణించారు. జిల్లా ఫోరం ఇచ్చిన రూ.2 లక్షల పరిహారాన్ని పై కమిషన్ రద్దు చేయగా, 2010లో సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. తప్పు స్పష్టంగా కనిపించే ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని చెప్పింది.

వైద్యుడికి రక్షణగా నిలిచే ఆ కాగితాలే రోగి బంధువులకూ ఆధారం. చేరిన రోగుల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలని, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. రికార్డుల కోసం నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడిగి, తేదీ వేయించి రసీదు తీసుకోవాలి.