మాఫియా : ఒక మాట వెనుక కథ

ఒక సమాజం నేరాలకు పెట్టుకున్న పేర్లను పరిశీలిస్తే ఆ సమాజం దేనికి భయపడిందో తెలుస్తుంది. తెలుగులో దొంగ, బందిపోటు, ముఠా వంటి మాటలు చాలాకాలంగా ఉన్నాయి. దొంగ చాటుగా వస్తాడు. బందిపోట్లు గుంపుగా వచ్చి దోచుకొని పోతారు. ఇరవయ్యో శతాబ్ది చివరి దశాబ్దాలలో వీటి సరసన 'మాఫియా' అనే మాట చేరింది. పత్రికలు, చలనచిత్రాలు దానిని ప్రచారంలోకి తెచ్చాయి. సిరిసిల్ల చెంత మానేరులోనైనా, జగిత్యాల జిల్లాలోని ధర్మపురి చెంత గోదావరిలోనైనా అక్రమంగా ఇసుక తోడేవారిని నేడు 'ఇసుక మాఫియా' అనటం పరిపాటి. ఇంతకీ ఈ మాట ఎక్కడిది? దీని నిజమైన అర్థం ఏమిటి?

మాఫియా అనే మాట ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపంలో పుట్టింది. మొదట్లో ఇది నింద కాదు, ప్రశంస. పాలెర్మో నగరంలోని బోర్గో పేటలో సొగసును, దర్పాన్ని, తెగువను సూచించటానికి ఈ మాట వాడేవారని పందొమ్మిదో శతాబ్దికి చెందిన జానపద పరిశోధకుడు జుసెప్పె పిత్రే తెలిపాడు. 1863లో రిజొత్తో, మోస్కా అనే ఇద్దరు పాలెర్మో చెరసాలలోని ఖైదీల ముఠాను చిత్రిస్తూ ఒక నాటకం రచించారు. దాని పేరులో 'మాఫియూసి' అన్న మాట ఉంది. నాటకం ప్రజాదరణ పొందటంతో మాట కూడా వ్యాపించింది. 1865 నాటికి అది ప్రభుత్వ నివేదికలోకి ఎక్కింది. రెండేళ్ళ వ్యవధిలోనే రంగస్థలం మీది మాట అధికారుల పరిభాష అయింది.

ఈ పదానికి అరబ్బీ మూలాన్ని ఊహించిన పండితులున్నారు. అది నిర్ధారణ కాలేదు. 1282లో ఫ్రెంచివారిపై సిసిలీ ప్రజలు చేసిన తిరుగుబాటు నినాదంలోని మొదటి అక్షరాలు కలిసి ఈ మాట ఏర్పడిందని ఒక కథ ఉంది. అది కట్టుకథ మాత్రమే. పందొమ్మిదో శతాబ్దికి ముందు ఈ మాట వాడుకలో ఉన్నట్లు ఆధారాలు లేవు. నేరస్థుల సంఘానికి దేశభక్తి ముసుగు తొడిగే ఇటువంటి కథలను నమ్మేముందు ఆలోచించాలి.

మాట అట్లా పుట్టగా, ఆ మాట సూచించే వ్యవస్థ మరోవిధంగా రూపొందింది. సిసిలీలో భూస్వామ్య విధానం 1812లో చట్టరీత్యా రద్దయింది. కాని దాని స్థానంలో న్యాయపాలన బలపడలేదు. భూములను కౌలుకు తీసుకున్నవారు సాయుధులైన కావలివాళ్ళను పెట్టుకున్నారు. పాలెర్మో చుట్టూ ఉన్న నిమ్మతోటలు లాభసాటిగా ఉండేవి. తోటకు నీరు ఆపటం, చెట్లు నరకటం, ఆపైన 'రక్షణ' పేరుతో సొమ్ము గుంజటం అక్కడ వృత్తిగా మారింది. ఎవరి వల్ల భయమో, వారికే రక్షణ సుంకం చెల్లించటం ఈ విధానంలోని విచిత్రం.

ఈ వసూళ్ళను ప్రశ్నించినవారికి ప్రాణహాని. కనుక చూసినవారు చూడలేదన్నారు, విన్నవారు వినలేదన్నారు. ఈ మౌన నియమానికి సిసిలీలో 'ఒమెర్తా' అని పేరు. మాఫియా వ్యతిరేక చట్టం కోసం కృషి చేసిన పియో లా తోర్రె అనే పార్లమెంటు సభ్యుడు 1982 ఏప్రిల్‌లో పాలెర్మోలో హత్యకు గురయ్యాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ చట్టం వచ్చింది. సంఘబలంతో బెదిరించి, ప్రజలను లొంగదీసి, నోరు మూయించి లాభం పొందటమే మాఫియా లక్షణమని అది నిర్వచించింది. ప్రజల మౌనం కూడా ఆ నిర్వచనంలో భాగమైంది.

ఇటువంటి భయం తెలుగు పల్లెలకు కొత్త కాదు. 'దండుగ' అంటే జరిమానా. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో దొరలు తామే తీర్పరులై పేదల నుండి దండుగలు వసూలు చేసేవారు. దొరల పెత్తనం వేరు, సిసిలీ మాఫియా వేరు. అయినా రెండింటికీ భయమే పెట్టుబడి. వెట్టికీ, దండుగలకూ వ్యతిరేకంగా రైతుకూలీలు సంఘటితులై 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో భారీ ఊరేగింపు జరిపారు. అది 'జగిత్యాల జైత్రయాత్ర'గా ప్రసిద్ధి పొందింది. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

మన వాడుకలో 'మామూలు' అనే మాట కూడా గమనింపదగినది. అరబ్బీ మూలం గల ఈ పదానికి ఆచారంగా జరిగేది అని అర్థం. అదే పదం అక్రమ వసూలుకు పేరయింది. మాఫియా అన్న మాట దౌర్జన్యానికి సొగసును అద్దితే, మామూలు అన్న మాట అవినీతిని అలవాటుగా మార్చింది.

అయితే ప్రతి తప్పునూ మాఫియా అనటం తగదు. కోరుట్ల ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళగోరే యువకుని నుండి డబ్బు తీసుకొని మోసగించే ఒంటరి దళారి మోసగాడే అవుతాడు. అనేకులు కలిసి నకిలీ పత్రాలు సృష్టించి, బాధితులను బెదిరించి, ఫిర్యాదు చేయనీయకుండా అడ్డుపడితే అది వేరు నేరం. మానేరులో అనుమతి లేకుండా ఒక బండెడు ఇసుక తెచ్చుకోవటం చట్టవిరుద్ధమే. అడ్డువచ్చినవారిని భయపెట్టి, మామూళ్ళతో మార్గం సుగమం చేసుకొని, ఏటి ఇసుకనంతా తరలించే ముఠాకే మాఫియా అన్న పేరు తగుతుంది. నదిలో ఇసుక తరిగితే భూగర్భజలం తగ్గుతుంది, సమీపంలోని బావులు ఎండుతాయి. ఆ నష్టం భరించేది మౌనంగా ఉన్న రైతే. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 111వ సెక్షను మాఫియా అన్న మాట వాడకుండానే వ్యవస్థీకృత నేరాన్ని నిర్వచించి, శిక్షలు విధించింది.

2004లో పాలెర్మో యువకులు కొందరు బలవంతపు వసూళ్ళను నిరసిస్తూ రాత్రికి రాత్రి ఊరంతా కాగితాలు అంటించారు. ఆ వసూళ్ళకు తలవంచే జాతికి గౌరవం లేదన్నది వాటి సారాంశం. అనంతరం వసూళ్ళు చెల్లించబోమని ఎందరో వర్తకులు బహిరంగంగా ప్రకటించారు. సంఘటిత నేరానికి భయం బలమైతే, సంఘటితులైన ప్రజల మాట దానికి విరుగుడు. మాఫియా అన్న మాట చరిత్ర చెప్పే పాఠం ఇదే.